రోజువారీ బ్రతుకును చరిత్రకెక్కించిన సురవరం ప్రతాపరెడ్డి గారు



ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితాన్ని గురించి వ్రాయమని మన కార్యవర్గం వారు కోరినప్పుడు, పెద్దగా ఆలోచించకుండానే కీర్తిశేషులు సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు చెప్పాను. ఆయన మన జహీరాబాదు వారు కారు, పాలమూరు సీమవారు. పత్రికా సంపాదకులుగా, పండితులుగా, తెలంగాణ వైతాళికులలో ఒకరుగా ఆయన పేరు మనలో చాలామందికి తెలుసు. అయినా నేను ఆయననే ఎంచుకోవడానికి ఒక చిన్న కారణం ఉంది. అది మా ఇంటి గుమ్మి.

జహీరాబాదుకు దగ్గరలోని మా ఊరి పాత ఇంట్లో, వంటింటి పక్కన గోడవారగా ఒక పెద్ద గుమ్మి ఉండేది. మా అమ్మ ఏటా పంట ఇంటికి రాకముందే దానిని పేడతో, మట్టితో అలికేది. విత్తనపు జొన్నలు దాచేటప్పుడు వేపాకు ఎంత వేయాలో, బూడిద ఎంత కలపాలో ఆమెకు చేతిలెక్క. నేను ఉద్యోగంలో చేరి బదిలీల మీద ఊళ్లు తిరుగుతున్న రోజుల్లో ఆ ఇల్లు తీసివేసి స్లాబు వేశాము. గుమ్మిని ఎవరో పొయ్యిలోకని తీసుకుపోయారు. అడ్డం తొలగిందని అప్పుడు సంతోషించాను కూడా. పదవీ విరమణ చేసి తీరిక దొరికేనాటికి అమ్మ లేదు.

మొన్నామధ్య మా మనవరాలు బడిలో ఇచ్చిన పని కోసం, పాతకాలపు ఇంటి సామాన్లేమిటో చెప్పమని నా దగ్గర కూర్చున్నది. గుమ్మి అని చెప్పాను. అది దేనితో అల్లేవారు, ఎన్ని బస్తాలు పట్టేది, అడుగున ఉన్న గింజలు ఎట్లా తీసేవారు అని వరుసగా అడిగింది. ఒక్కదానికీ నా దగ్గర నమ్మకమైన జవాబు లేదు. ఇంట్లో ఉన్న చిన్న నిఘంటువు తీసి చూస్తే, ధాన్యం నిలువచేసే సాధనమని ఒక్క ముక్కలో తేల్చివేసింది. ముప్పై ఏండ్లకు పైగా ఎన్నో ఫైళ్లు వ్రాసిన చేతికి, కన్నతల్లి రోజూ తాకిన వస్తువును గురించి నాలుగు వాక్యాలు వ్రాయడం చేతకాలేదు.

సరిగ్గా ఇటువంటి బాధనే డెబ్బై ఏండ్లకు పూర్వం పడిన మనిషి ప్రతాపరెడ్డి గారు. అయితే ఆయన బాధపడి ఊరుకోలేదు. అందుకే ఆయన జీవితాన్ని మనం ఒకసారి తలచుకోవడం మంచిదని భావిస్తున్నాను.

బాల్యము, విద్య

ప్రతాపరెడ్డి గారు 1896 మే 28న జన్మించారు. తండ్రి నారాయణరెడ్డి గారు, తల్లి రంగమ్మ గారు. ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లాలోని ఇటిక్యాలపాడు వారి స్వగ్రామం. ఆ ప్రాంతం ఒక ప్రక్క కృష్ణ, మరొక ప్రక్క తుంగభద్ర పారే నడిగడ్డ. తుంగభద్ర దాటితే కర్నూలు. అప్పట్లో ఈ ఒడ్డు నిజాం రాజ్యం, ఆ ఒడ్డు ఇంగ్లీషువారి పాలనలోని మద్రాసు రాజధాని. కర్నూలులో బంధువుల అండన ఆయన చదువుకున్నారు. అక్కడే సంస్కృతం కూడా నేర్చారు. పైచదువులకు మద్రాసు వెళ్లి ప్రెసిడెన్సీ కళాశాలలో బి.ఏ. చదివారు. ఆ తరువాత న్యాయశాస్త్రంలో బి.ఎల్. పట్టా తీసుకున్నారు.

తెలుగు, సంస్కృతం, ఉర్దూ, పారశీకం, ఇంగ్లీషు భాషలలో ఆయనకు మంచి ప్రవేశం ఉండేది. మన ప్రాంతంలో పెరిగినవారికి దీని విలువ వేరే చెప్పనక్కరలేదు. మనం జహీరాబాదు బజారులో ఒక గంట తిరిగితే తెలుగు, ఉర్దూ, కన్నడం, మరాఠీ నాలుగూ చెవిన పడతాయి. ఒక వస్తువుకు నాలుగు భాషలలో నాలుగు పేర్లుంటే ఆ వస్తువు ఎవరెవరి ఇళ్లలో తిరిగిందో తెలుస్తుంది. ప్రతాపరెడ్డి గారికి అటువంటి పేర్ల మీద చివరిదాకా మక్కువ తగ్గలేదు.

హైదరాబాదు, గోలకొండ పత్రిక

కొంతకాలం న్యాయవాద వృత్తిలో ఉన్న తరువాత ఆయన హైదరాబాదు చేరుకున్నారు. నగర కొత్వాలుగా ఉన్న రాజా బహదూర్ వెంకటరామారెడ్డి గారి ప్రోత్సాహంతో రెడ్డి హాస్టలు బాధ్యతలు చేపట్టారు. ఆ వసతిగృహం 1918లో ఏర్పడింది. పల్లెల నుండి వచ్చిన పిల్లలకు అక్కడ తిండి, నీడలతో పాటు చదువుకునేందుకు మంచి గ్రంథాలయం కూడా ఉండాలని ఆయన పట్టుబట్టి ఎన్నో పుస్తకాలు చేర్పించారు.

ఆనాటి పరిస్థితి మన పెద్దలలో కొందరు వారి పెద్దల నోట విన్నదే. ప్రజలలో ఎక్కువమంది మాట్లాడేది తెలుగు. కచేరీలో, పైచదువులలో నడిచేది ఉర్దూ. 1921లో హైదరాబాదు వివేకవర్ధని థియేటరులో జరిగిన ఒక సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోగా సభలోనివారు గేలి చేశారు. ఆ అవమానం నుండే ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఇంట్లో అమ్మతో మాట్లాడే భాషకు నలుగురిలో విలువ లేకపోవడమంటే ఏమిటో ఆ తరం అనుభవించింది.

ఆ వాతావరణంలో 1926 మే 10న ప్రతాపరెడ్డి గారి సంపాదకత్వంలో గోలకొండ పత్రిక వెలువడింది. వారానికి రెండుసార్లు వచ్చేది. మొదటి రోజుల్లో సిబ్బంది లేరు, డబ్బు లేదు. సంపాదకీయాలు వ్రాయడం మొదలు అచ్చుతప్పులు దిద్దడం వరకు ఎన్నో పనులు ఆయనే చూసుకునేవారు. ఒకే మనిషి రాత్రింబగళ్లు కూర్చుని పత్రికను నిలబెట్టడమంటే సామాన్యమైన సంగతి కాదు. సర్కారు వారి ఆంక్షల నడుమ, ఎక్కడ గీత దాటితే పత్రిక మూతపడుతుందో తెలిసి, చెప్పవలసినది చెప్పడం మరింత కష్టమైన పని. సుమారు రెండు దశాబ్దాల పాటు ఆయన ఆ పని చేశారు.

మూడువందల యాభైనాలుగు మంది

తెలంగాణలో తెలుగు కవులే లేరని ఆ రోజుల్లో ఒకరు పత్రికాముఖంగా తేల్చివేశారు. మరొకరైతే కోపంతో ఒక ఘాటైన జవాబు వ్రాసి ఊరుకునేవారు. ప్రతాపరెడ్డి గారు ఉన్నవారిని లెక్కించడమే సరైన సమాధానమనుకున్నారు. ఊరూరి నుండి కవుల వివరాలను, వారి పద్యాలను సేకరించారు. అట్లా 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక వెలువడింది.

ఇక్కడ మనం గమనించవలసిన విషయం ఒకటున్నది. ఆ 354 మందీ అప్పటికప్పుడు పుట్టినవారు కారు. ఊళ్లలో బడిపంతుళ్లుగా, కరణాలుగా, సేద్యం చేసుకునేవారుగా అందరి కళ్లముందే ఉన్నారు. పక్కింటివాడు పద్యం వ్రాస్తాడని పక్కింటివారికి తెలుసు, కాని అది లెక్కలోకి వచ్చే విషయమని ఎవరూ అనుకోలేదు. ఎదురుగా ఉన్నదానిని ఉన్నట్లు చూచి, పేరు వ్రాసి, వరుసలో పెట్టడమే ఆయన చేసిన పని. అది చేసి ఉండకపోతే ఆ పేర్లలో ఎన్నో ఈనాడు మనకు మిగిలేవి కావు.

జోగిపేట మహాసభ

మన జిల్లావారికి ప్రతాపరెడ్డి గారితో మరొక సంబంధం కూడా ఉన్నది. 1930 మార్చిలో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ తొలి సమావేశం మన జోగిపేటలో జరిగింది. దానికి అధ్యక్షత వహించినవారు సురవరం ప్రతాపరెడ్డి గారే. అక్కడే మహిళా సభ కూడా జరిగింది, దానికి నడింపల్లి సుందరమ్మ గారు అధ్యక్షురాలు. అప్పటి మెదకు జిల్లాలోనిదైన జోగిపేట, 2016లో జిల్లాలు మారిన తరువాత మన జహీరాబాదుతో పాటు సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. బస్సులో ఆ ఊరి మీదుగా ఎన్నిసార్లు పోయామో లెక్కలేదు. ఇంత పెద్ద సంగతి ఆ ఊళ్లో జరిగిందని నాకు మాత్రం ఉద్యోగం మానేదాకా తెలియదు. ఆ తరువాత తెలుగువారి రాజకీయ చైతన్యానికి ఆంధ్ర మహాసభ ఎంత పెద్ద వేదిక అయిందో చరిత్ర చదివిన వారందరికీ తెలుసు.

ఆంధ్రుల సాంఘిక చరిత్ర

ప్రతాపరెడ్డి గారు ఎన్నో గ్రంథాలు వ్రాశారు. హిందువుల పండుగలు అనే పుస్తకంలో మనం ఏటా చేసుకునే పండుగల పుట్టుపూర్వోత్తరాలు పరిశీలించారు. రామాయణ విశేషాలు, మొగలాయి కథలు, రాజా బహదూర్ వెంకటరామారెడ్డి గారి జీవిత చరిత్ర వంటివి మరికొన్ని. కాని వీటన్నిటికీ తలమానికమైనది 1949లో అచ్చయిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర.

అంతకుముందు మనకు చరిత్ర పుస్తకాలు లేకపోలేదు. ఏ రాజు ఎప్పుడు పట్టానికి వచ్చాడు, ఎవరితో యుద్ధం చేశాడు, ఎవరికి ఏ గ్రామం దానమిచ్చాడు అనే విషయాలు వాటిలో ఉంటాయి. బడిలో మనం బట్టీపట్టినది అదే. అయితే ఆ రాజులు ఏలిన కాలంలో మామూలు మనిషి ఏమి తిన్నాడు, ఏమి కట్టుకున్నాడు, ఆడవారు ఏ నగలు పెట్టుకున్నారు, పిల్లలు ఏ ఆటలాడారు, జబ్బుచేస్తే ఏ వైద్యం చేయించుకున్నారు, బాటసారి ఎక్కడ భోజనం చేశాడు అనే ప్రశ్నలను పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. తూర్పు చాళుక్యుల కాలం మొదలుకొని 1907 వరకు, సుమారు తొమ్మిది శతాబ్దాల తెలుగువారి జీవితాన్ని ఈ ప్రశ్నలతో వెదికినవారు ప్రతాపరెడ్డి గారు.

ఆధారాలు ఎక్కడ దొరుకుతాయి? శాసనాలలో దానాల లెక్కలుంటాయి కాని పచ్చళ్ల పేర్లుండవు. అందుకని ఆయన పాత కావ్యాలను తిరగవేశారు. పండితులు అలంకారాల కోసం, ఛందస్సు కోసం చదివే కావ్యాలను ఆయన ఇంటి సామాన్ల కోసం, తిండి కోసం, ఆటల కోసం చదివారు. పాల్కురికి సోమనాథుని గ్రంథాలలో ఆనాటి జనం పాడిన పాటల రకాలు, ఆడిన ఆటలు కనిపించాయి. క్రీడాభిరామం అనే చిన్న కావ్యంలో ఇద్దరు మిత్రులు ఒక రోజంతా ఓరుగల్లు వీధులలో తిరుగుతారు. వారి వెంట నడిస్తే ఆనాటి అంగళ్లు, కోడిపందేలు, పూటకూళ్ల ఇల్లు అన్నీ చూడవచ్చు. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో ఏ ఋతువులో ఎటువంటి భోజనం పెట్టేవారో ఉంది. అయ్యలరాజు నారాయణామాత్యుని హంసవింశతిలో సరుకుల జాబితాలు, ఆటల జాబితాలు ఉన్నాయి. పాలవేకరి కదిరీపతి శుకసప్తతిలో పల్లెటూరి సంసారాలు ఉన్నాయి. గొప్ప కావ్యమని పేరుపడినదైనా జనజీవితం లేకుంటే ఈ పనికి అక్కరకు రాదని, పెద్దగా పేరులేనిదైనా ఇంటి విషయాలు చెబితే అది బంగారమని ఆయన తూకం.

పని ఇక్కడితో తేలిపోలేదు. కావ్యంలో పేరు దొరికింది, ఆ పేరుగల వస్తువు ఏమిటో తెలియాలి గదా. నిఘంటువు తీస్తే ఆటపేరు దగ్గర ఒక క్రీడావిశేషమని, తినుబండారం దగ్గర భక్ష్యవిశేషమని, చెట్టు దగ్గర వృక్షవిశేషమని వ్రాసి ఉండేది. ఆట అని అందరికీ తెలుసు, ఎట్లా ఆడతారన్నదే కావాలి. ఆ వివరం మాత్రం ఉండదు. నిఘంటుకారులు చేసిన ఈ లోపాన్ని ఆయన తన గ్రంథంలో నొచ్చుకుంటూ పలుమార్లు ఎత్తిచూపారు. నిఘంటువు వ్రాసిన కాలానికి ఆ ఆట ఆడే పిల్లలు ఊళ్లో ఎక్కడో ఒకచోట ఉండే ఉంటారు. అడిగి ఉంటే ఎవరైనా చెప్పేవారు. ఇంత మామూలు విషయాన్ని అడిగి వ్రాయడమెందుకని అనుకోవడం వల్లనే అది పోయింది. పేరు మిగిలింది, వస్తువు పోయింది.

మా గుమ్మి సంగతి కూడా అంతే కదా అని నాకు అనిపించింది. ఆ నిఘంటుకారులను తప్పుపట్టే అర్హత నాకు లేదు. వారు పుస్తకంలో వదిలివేసినది నేను ఇంట్లో వదిలివేశాను.

మరొక మాట కూడా చెప్పాలి. పాతదంతా బంగారమని ప్రతాపరెడ్డి గారు ఏనాడూ అనలేదు. మూఢనమ్మకాలను, దురాచారాలను, స్త్రీలకు జరిగిన అన్యాయాలను ఆయన అదే గ్రంథంలో నిర్మొహమాటంగా విమర్శించారు. మంచిని చూచి మురిసిపోయి చెడ్డను దాచిపెడితే అది చరిత్ర కాదని ఆయన పద్ధతి. మనం కూడా ఇది మరచిపోరాదు. ఇసుర్రాయి చప్పుడు తెల్లవారుజామున ఎంతో హాయిగా ఉండేదని మగవారం చెప్పుకుంటాము. ఆ చప్పుడు చేసిన చేతులకు కాయలు కాచేవి. మా ఊరికి పిండిగిర్ని వచ్చిన రోజున అందరికంటే ఎక్కువ సంతోషపడినది మా అమ్మ. ఇసుర్రాయి మళ్లీ తిప్పాలని ఎవరూ అనరు. కాని ఇసిరేటప్పుడు ఆమె పాడిన పాట, ఆ చేతి కాయలు, గిర్ని వచ్చినప్పటి ఆ సంతోషం, ఈ మూడూ కలిస్తేనే ఇసుర్రాయి సంగతి పూర్తిగా చెప్పినట్లు.

చివరి దినములు, గౌరవములు

ప్రతాపరెడ్డి గారు 1952లో వనపర్తి నుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యారు. కాని ఎక్కువ కాలం సేవచేసే భాగ్యం మనకు దక్కలేదు. 1953 ఆగస్టు 25న స్వర్గస్తులయ్యారు. అప్పటికి ఆయన వయస్సు 57 సంవత్సరాలే. అంటే ఇంచుమించు మనలో చాలామంది ఉద్యోగ విరమణ చేసిన వయస్సు. మనకు తీరిక మొదలయ్యే వయస్సుకు ఆయన ఒక పత్రికను నిలబెట్టి, 354 మంది కవుల పేర్లు కాపాడి, ఒక జాతి సాంఘిక చరిత్రను వ్రాసి వెళ్లిపోయారు.

కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారాలు 1955లో మొదలైనప్పుడు తెలుగులో మొట్టమొదటి పురస్కారం ఆంధ్రుల సాంఘిక చరిత్రకే లభించింది. అది అందుకునేందుకు ఆయన లేరు. హైదరాబాదు ట్యాంకుబండు మీద నిలబెట్టిన తెలుగు ప్రముఖుల విగ్రహాలలో ఆయన విగ్రహమూ ఉన్నది. 2025లో తెలంగాణ శాసనసభ తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెడుతూ చట్టం చేసింది. ఇవన్నీ సంతోషించవలసిన విషయాలే. అయినా మనుషుల విషయంలోనూ మన అలవాటు అదేనేమోననిపిస్తుంది. ఎదురుగా ఉన్నంతకాలం ఉన్నారులే అనుకుంటాము, పోయిన తరువాత పేరు పెట్టుకుంటాము.

మన ప్రాంతములో జరుగుతున్న పని

ఇది చదివి, పోయినవాటి గురించి బాధపడడం తప్ప ఏమీ చేయలేమని ఎవరూ అనుకోవద్దు. పోకముందే పట్టుకున్నవారు మన మధ్యనే ఉన్నారు. జహీరాబాదు పక్కనున్న పస్తాపూరు కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుండి పల్లెటూరి మహిళల సంఘాలతో పనిచేస్తూ వచ్చింది. సామలు, కొర్రలు, తైదలు, రకరకాల జొన్నలు, పప్పుధాన్యాలు, ఇవన్నీ పేదవారి తిండి అని అందరూ వదిలివేస్తున్న కాలంలో ఆ మహిళలు విత్తనాలను ఇంటింటా దాచి, ఒకరికొకరు బదులిచ్చుకుంటూ కాపాడారు. సంక్రాంతి నాడు మొదలుపెట్టి ఎడ్లబండ్ల మీద ఆ విత్తనాలను ఊరూరా తిప్పుతూ పాత పంటల జాతర జరిపారు. 2008లో మాచునూరులో ఆ సంఘాల మహిళలే నడిపే సంఘం రేడియో మొదలయింది. 2019లో వారికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పుడు లోకమంతా మెచ్చుకున్న ఆ గింజలు మన చుట్టుపక్కల చేలలో ఏనాటినుండో ఉన్నవే.

మన సంగతి చూడండి. చిన్నప్పుడు జొన్నరొట్టె, గటక పెడితే ముఖం ముడుచుకున్నవాళ్లం, పండుగనాడు వరి అన్నం దొరికితే ఎగిరి గంతేసినవాళ్లం. ఇప్పుడు చక్కెర వ్యాధికి డాక్టరు చెబితే అవే కొర్రలను అందమైన సంచిలో, సన్నబియ్యం కంటే ఎక్కువ ధర పెట్టి కొని తెచ్చుకుంటున్నాము. వండడం ఎట్లాగో ఇంట్లో ఎవరికీ సరిగా రాదు. గింజ తిరిగి వచ్చింది, వండే చెయ్యి మాత్రం ఎక్కడో ఆగిపోయింది.

మా మనవరాలి ప్రశ్న పట్టుకుని నేను కూడా చుట్టుపక్కల ఊళ్లలోని పెద్ద వయస్సు ఆడవారిని అడిగాను. ఒక పెద్దమ్మ ఓపికగా చెప్పింది. గంపలను, గుమ్ములను పేడతో ఎట్లా అలికేవారో, ఎండలో ఎన్ని దినాలు ఆరబెట్టేవారో, పురుగు పట్టకుండా బూడిద, వేపాకు ఎట్లా వేసేవారో అన్నీ చెప్పింది. మనవరాలు అవన్నీ నోటుబుక్కులో వ్రాసుకున్నది. ఆ పెద్దమ్మ చెప్పినది ఆమె ఇంటి పద్ధతి. మా అమ్మ చేతిలెక్క ఎంతో మాత్రం ఇక తెలియదు. అది ఆమెతోనే పోయింది. తెలిసిన సంగతులతో పాటు, ఇది తెలియదని కూడా ఆ పుస్తకంలో వ్రాయించాను.

మనము చేయగల పని

మిత్రులారా, మన సంఘంలో రెవెన్యూ, విద్య, వైద్యం, తపాలా, రోడ్లు భవనాలు, వ్యవసాయం ఇట్లా ఎన్నో శాఖలలో పనిచేసిన వారున్నారు. పెన్షను, మందులు, లైఫ్ సర్టిఫికెట్టు గురించి మనం కలిసినప్పుడల్లా మాట్లాడుకుంటాము, అది అవసరమే. దానితో పాటు ప్రతాపరెడ్డి గారి బాటలో ఒక చిన్న పని పెట్టుకుందామని నా మనవి.

ప్రతి ఒక్కరం ఒక నోటుబుక్కు కొనుక్కుందాం. నెలకు ఒక్క వస్తువు గురించి గాని, ఒక్క పని గురించి గాని ఒక పేజీ వ్రాద్దాం. కార్యాలయంలో స్టెన్సిలు కోసి సైక్లోస్టైలు చేసిన విధానం ఒకరు వ్రాయవచ్చు. 2013 జూలైలో టెలిగ్రాము ఆగిపోయింది. టెలిగ్రాము వచ్చిందంటే ఇంట్లో ఎందుకు భయపడేవారో మన మనవళ్లకు ఎవరైనా చెప్పాలి కదా. 1957లో నయాపైసలు వచ్చినప్పుడు అణాల లెక్క అలవాటైన పెద్దలు పడిన తికమక కొందరికి గుర్తుండవచ్చు. సోల, తవ్వ, మానిక మీ ఊళ్లో ఎంతెంత పట్టేవి? మోటబావి దగ్గర తోలుబొక్కెన ఎవరు కుట్టేవారు? చిర్రగోనె ఆటలో పందెం ఎట్లా లెక్కపెట్టేవారు? వామనగుంటలలో చింతగింజలు ఎన్నెన్ని పోసేవారు?

వ్రాసేటప్పుడు నిఘంటుకారులు చేసిన పొరపాటు మనం చేయకూడదు. ఒక రకమైన ఆట, ఒక రకమైన కూర అని వదిలివేయవద్దు. వస్తువు పేరు, దేనితో చేసేవారు, ఎవరు చేసేవారు, ఎంత ఖర్చయ్యేది, ఎట్లా వాడేవారు, ఎందుకు పోయింది, ఇంతవరకైనా ఉండాలి. దానిలోని కష్టం కూడా వ్రాయాలి. గుర్తు లేనిది గుర్తు లేదని వ్రాయాలి. కల్పించవద్దు.

అంతకంటే ముఖ్యమైనది, మీ ఇంట్లో మీకంటే పెద్దవారు ఉంటే ఈరోజే వారి దగ్గర కూర్చోండి. అమ్మ, అత్త, పెద్దమ్మ, బాపు ఎవరైనా సరే. మన ఇండ్లలో ఆడవారికి తెలిసినదే ఎక్కువ, మనం వారిని అడిగినదే తక్కువ. చాలామంది సభ్యుల శ్రీమతులు ఈ సంచిక చదువుతారని తెలుసు. వారికి ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను. మీ నోటుబుక్కు మావారి నోటుబుక్కు కంటే లావుగా ఉండాలి.

ప్రతాపరెడ్డి గారు తొమ్మిది వందల ఏండ్ల క్రిందటి ఇంటి సామాన్ల కోసం కావ్యాలు గాలించవలసి వచ్చింది, ఆ కాలపు మనుషులు లేరు కాబట్టి. మన పిల్లలకు ఆ శ్రమ అక్కరలేదు. అడగవలసినవాళ్లం మనం ఇంకా ఉన్నాము. వారు అడిగేదాకా ఆగకుండా మనమే వ్రాసిపెట్టడం ఆ మహనీయునికి మనం అర్పించగల నిజమైన నివాళి.

సభ్యులు వ్రాసిన పేజీలను సంఘ కార్యాలయంలో అందజేస్తే వచ్చే సంచికలలో ప్రచురించవలసిందిగా సంపాదకులను కోరుతున్నాను. మొదటి పేజీ నేనే ఇస్తున్నాను. దాని పేరు గుమ్మి. సగమే ఉంది.

సెలవు.